ఆణిముత్యం దాచిన అరగంట

పదిమంది చూసిన సినిమా ఆణిముత్యానికి పనికిరాదు. అతనికున్న ఒకే ఒక్క జబ్బు అది. డయాలసిస్ వార్డులో ఆరు మంచాల మీదున్న ఆరుగురి జబ్బులకంటే బాగా ముదిరిన జబ్బు. ఏదైనా హిందీ సినిమా బాగా ఆడుతోందని ఎవరైనా అంటే, పులిసిపోయిన పెరుగు వాసన చూసినట్టు మొహం పెట్టేవాడు. అదే, మూడో రోజుకే హాల్లోంచి లేచిపోయిందనీ, ఆన్‌లైన్లో పెడితే దర్శకుడి బావమరిది కూడా చూడలేదనీ తెలిసిందంటే చాలు, కళ్లు చింతనిప్పుల్లా వెలిగేవి.

"ఎవరూ చూడలేదండీ! ఒక్క పురుగు చూడలేదు! ఆణిముత్యం!" అనేవాడు.

అలా అని అని, చివరికి ఆ పేరు అతనికే అతుక్కుపోయింది. అసలు పేరు జేబుకు తగిలించుకున్న కార్డు మీద ఉండేది గానీ, దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు.

అతను ఆ వార్డులో టెక్నీషియన్. వచ్చినవాళ్ల చేతికి రెండేసి సూదులు గుచ్చి, ఒకదాంట్లోంచి రక్తం లాగి, యంత్రంలో కడిగించి, రెండోదాంట్లోంచి మళ్లీ ఒంట్లోకి పంపడం అతని పని. ఒక్కొక్కరికీ నాలుగు గంటలు. వారానికి మూడుసార్లు. ఆ నాలుగు గంటలూ చాచిన చెయ్యి చాచినట్టే ఉండాలి. లేవకూడదు, పారిపోకూడదు. గోడమీద పెద్ద టీవీ ఉండేది. దాని రిమోట్ ఆణిముత్యం జేబులో ఉండేది. ఇంతకంటే దిక్కులేని ప్రేక్షకులు ప్రపంచంలో ఏ దర్శకుడికీ దొరికి ఉండరు.

మూడో మంచం స్టెనోగారిది. ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్లు కోర్టులో కూర్చుని సాక్షులు చెప్పిన ప్రతి ముక్కా షార్ట్‌హ్యాండ్‌లో రాశారు. ఆ రాతలతో మనుషుల మాటల మీద నమ్మకం పోయింది. రిటైరైన ఆర్నెల్లకు కిడ్నీలు కూడా పోయాయి. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడింట్లో, మరదలి చేతి వంట తింటూ, ఆ వంటలో ఉప్పు లేదని రోజూ గుర్తు చేసుకుంటూ ఉండేవారు. ఉప్పు వెయ్యొద్దన్నది డాక్టరే అని ఆవిడకూ తెలుసు. అయినా ఎవరో ఒకరి మీద ఫిర్యాదు లేకపోతే ఆవిడకు రోజు గడిచేది కాదు.

వార్డులో అడుగుపెట్టిన మొదటి రోజే ఆణిముత్యం దగ్గరికొచ్చాడు.

"మీకు హిందీ వచ్చాండీ?"

"వస్తే?"

"రాకపోయినా పర్లేదండీ, కింద అక్షరాలు పడతాయి."

"నాకు సినిమాలు గిట్టవు."

"ఇవి సినిమాల్లా ఉండవండీ."

అతను నిజమే చెప్పాడని గంటలో తేలిపోయింది. ఆరోజు వేసిన దాంట్లో తూనికల ఇన్‌స్పెక్టరు ఒకడు సంచీ భుజాన వేసుకుని అంగడి అంగడికీ తిరుగుతూ తక్కెళ్లు తనిఖీ చేస్తాడు. మొదటి ముప్పావుగంటలో పదకొండు తక్కెళ్లు చూశాడు. పన్నెండో తక్కెడ దగ్గర ఒక్కసారి నిట్టూర్చాడు.

"చూశారా! చూశారా నటన!" అని ఆణిముత్యం గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏం చూడాలయ్యా? వాడు నోరు విప్పడు. కనీసం ఆ తక్కెడైనా ఏదన్నా మాట్లాడుతుందా?" అన్నారు స్టెనోగారు.

నాలుగో మంచం మీద లారీ డ్రైవరు బాబాయి ఉండేవాడు. డెబ్భై దాటినవాడు. లారీ తోలినన్నాళ్లూ హిందీలో తిట్టీ, తిట్లు తినీ ఆ భాష క్షుణ్ణంగా నేర్చాడు. వార్డుకంతటికీ అతనే దుబాసీ.

"ఆ నిట్టూర్పుకి అర్థమేంటంటే అమ్మాయ్, ‘ఇది తప్పు’ అంటున్నాడు. నేనూ అదే అంటున్నా. ఇది తియ్యడం తప్పు" అన్నాడు బాబాయి.

అయితే మూడో గంట దాటాక వార్డులో మాటలు ఆగిపోయాయి. దొంగ తక్కెడ ఉన్న అంగడి ఎవరిదో కాదు, ఆ ఇన్‌స్పెక్టరు కన్నతండ్రిదే. కొడుకు సంచీలోంచి కేసు పుస్తకం తీశాడు. తండ్రి కుర్చీ దులిపి వేశాడు. కొడుకు పెన్ను మూత తీశాడు. పెన్ను కాగితం మీద పెట్టాడు.

టీవీ ఆరిపోయింది.

"టైమైపోయిందండీ. మిగతా అరగంట ఎల్లుండి" అన్నాడు ఆణిముత్యం, సూదులు తీయడానికి దూది చేత్తో పట్టుకుని.

ప్రతిసారీ ఇదే వరస. ఏ సినిమా వేసినా చివరి అరగంట మిగిలిపోయేది. దాన్ని ఎల్లుండి పూర్తిచేసి, వెంటనే ఇంకోటి మొదలెట్టేవాడు. దానికీ అరగంట మిగిలేది. రెండో మంచం బేకరీ ఆయన ఈ బాధ పడలేక, ఒకసారి సూదులున్న చేత్తోనే రిమోట్ లాక్కోబోయి సిస్టర్‌తో చివాట్లు తిన్నాడు. స్టెనోగారు మాత్రం పద్ధతిగా విచారణ చేపట్టారు.

"సినిమా నిడివెంత?"

"రెండు గంటలండీ."

"మేమిక్కడ ఉండేది?"

"నాలుగు గంటలండీ."

"రెండు గంటల సినిమా నాలుగు గంటల్లో ఎందుకు పూర్తవదు?"

"మొదలెట్టేసరికి ఆలస్యమవుతోందండీ. నెట్ సరిగ్గా రాదు."

"మొన్న వచ్చిందిగా?"

"మొన్న రిమోట్‌లో బ్యాటరీ పోయిందండీ."

"అటుమొన్న?"

"అటుమొన్న నా మనసు బాలేదండీ."

"సాక్షి అబద్ధమాడుతున్నాడు" అని తేల్చేశారు స్టెనోగారు.

పోనీ, ఇంటికెళ్లి మేనకోడలి ఫోన్లో ఆ మిగతా ముక్క చూసేద్దామంటే, సినిమా పేరు తెలియదు. పేర్లు పడే భాగం దాటించి మొదలెట్టేవాడు. అడిగితే, "పేరు చెప్తే మీరు ముందే ఏదో ఊహించేసుకుంటారండీ" అనేవాడు. మేనకోడలు తనకు తోచినట్టు వెతికింది. "అత్తా, తక్కెడ హిందీ సినిమా అని కొడితే తక్కెళ్లు అమ్మేవాళ్లొస్తున్నారు. ఒకాయన ఇంటికి తెచ్చిస్తానంటున్నాడు" అంది.

నవ్వులు ఇలా ఉన్నా, స్టెనోగారి బతుకు మాత్రం నవ్వులాట కాదు. రోజుకు ఇన్ని గుక్కల నీళ్లేనని లెక్క. నాలుక అట్టకట్టుకుపోతే మంచుముక్క ఒకటి చప్పరించాలి. వార్డు నుంచి వచ్చిన రోజు పిండి ఆరేసిన గుడ్డలా పడి ఉండేవారు. మర్నాడు కాస్త తేరుకునేవారు. తేరుకోగానే, రేపు మళ్లీ సూదులని గుర్తొచ్చేది. పద్నాలుగు నెలలు ఇలాగే గడిచాయి. మొదట్లో చూడ్డానికొచ్చిన ఆఫీసువాళ్లు రావడం మానేశారు. ఫోన్లు చేసిన చుట్టాలు మెసేజీల్లో దండాలు పెట్టి సరిపెట్టుకున్నారు.

"మన కేసు కొట్టెయ్యరు, తీర్పూ ఇవ్వరు. ఎల్లుండికి వాయిదా. మళ్లీ ఎల్లుండికి వాయిదా" అన్నారొకరోజు బేకరీ ఆయనతో.

"జడ్జిగారికే మనమీద విసుగు పుట్టాలమ్మా" అన్నాడాయన. జీవితమంతా కేకులు చేసి ఊరికి తినిపించిన ఆ మనిషి, చప్పిడి రొట్టె ముక్క ఒకటి మాత్రం చేతి రుమాల్లో కట్టి తెచ్చుకునేవాడు.

వానలు పట్టిన రోజుల్లో ఆణిముత్యం ఇద్దరు అన్నదమ్ముల సినిమా వేశాడు. ఇల్లు పంచుకుని నడిమధ్య గోడ కడుతుంటారు. సరిగ్గా గోడ పోయే చోట, తల్లి కూర్చునే కిటికీ ఉంటుంది. కిటికీ ఎవరి వాటాకి? ఆ శనివారం బాబాయి అనువాదం చెయ్యలేదు. కాళ్లు బాగా నీరుపట్టి, మాట పెగల్లేదు. ఎప్పటిలాగే అరగంట మిగిలింది. ఆణిముత్యం తనే చక్రాల కుర్చీలో బాబాయిని లిఫ్టు దాకా తోసుకెళ్లాడు.

సోమవారం నాలుగో మంచం మీద ఇస్త్రీ మడతలు విప్పని దుప్పటి ఉంది. సిస్టర్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆరోజు ఆణిముత్యం టీవీ పెట్టలేదు. బుధవారం మిగతా అరగంట వేశాడు. తెరమీద తమ్ముడేదో గట్టిగా అరిచాడు. అక్షరాలు కింద పడుతూనే ఉన్నా బేకరీ ఆయన అలవాటుగా నాలుగో మంచం వైపు తిరిగి, "ఏమంటున్నాడు బాబాయ్?" అన్నాడు. అని, గోడవైపు ఒత్తిగిలాడు.

ఆ వారమే స్టెనోగారు నిర్ణయానికొచ్చారు. ఇంక వెళ్లకూడదు. ఏడుపూ లేదు, గొడవా లేదు. అలిసిపోయారు, అంతే.

సోమవారం పొద్దున్న తమ్ముడు తయారై వస్తే, "ఇవాళ రావొద్దన్నారు. మిషన్ పాడైందిట" అన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్లు జనం అబద్ధాలు రాసిన మనిషి, సొంతానికి ఆడిన మొదటి అబద్ధం అది. అనుభవం లేకపోయినా బాగానే అతికింది. తమ్ముడు నమ్మి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఆవిడ దుప్పటి కప్పుకుని, గోడగడియారం టిక్కుటిక్కు వింటూ, హాయిగా పడుకున్నారు.

హాయి పది గంటలదాకా నిలిచింది. ఆ తర్వాత, రైల్వే స్టేషన్ ఆవిడ గుర్తొచ్చింది.

శనివారం వేసిన సినిమాలో ఆవిడ. చిన్న స్టేషన్లో రైళ్ల రాకపోకలు మైకులో చెప్పే మనిషి. గొంతు పోతుంది. ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పకుండా పాత రికార్డులతో నెట్టుకొస్తుంది. ఒకరోజు ఉన్నట్టుండి రైలు వేరే ప్లాట్‌ఫారానికి మారుస్తారు. ఆ సంగతి రికార్డులో లేదు. జనం పట్టాలు దాటుతున్నారు. ఆవిడ మైకు ముందు నిలబడింది. నోరు తెరిచింది.

అక్కడ ఆపాడు, పాపిష్టివాడు.

స్టెనోగారు అటు దొర్లారు. ఇటు దొర్లారు. సగం వాంగ్మూలం రాసి లేచిపోయిన రోజు ఆవిడ సర్వీసులో ఒక్కటి లేదు. పదిన్నరకు ఫోన్ తీశారు.

"ఏమయ్యా, గొంతు వచ్చిందా, రాలేదా?"

"ఎవరండీ? స్టెనోగారా? ఒంట్లో ఎలా ఉందండీ?"

"నా ఒళ్లు సంగతి నీకెందుకు? ఆవిడకు గొంతు వచ్చిందా?"

"ఫోన్లో చెప్పేది కాదండీ."

"నేనింక అక్కడికి రాను. అందుకని అడుగుతున్నా. చెప్పు."

అవతలి నుంచి, "హలో? హలో? సిగ్నల్ లేదండీ!" అని వినిపించింది. సిగ్నల్ లేనివాడి గొంతు గంట కొట్టినట్టు వినబడుతూనే ఉంది. ఫోన్ పెట్టేశాడు.

ఒళ్లు మండి, బేకరీ ఆయనకు చేశారు.

"మీరైనా చెప్పండి, ఏమైంది చివరికి?"

"ఏమవడమేంటమ్మా, టీవీ పెడితేగా! మూడో మంచం రాలేదు, వస్తేనే వేస్తానంటున్నాడు. అరిచాం, తిట్టాం. అయిదో మంచం టైలరుగారైతే దణ్ణం కూడా పెట్టారు. ఊహూఁ, చెవిటివాడి ముందు శంఖమే! పన్నెండింటికి ఒక మంచం ఖాళీగా ఉందిట, మిమ్మల్ని రమ్మనమన్నాడు. మీ మూలంగా మేమంతా ఇరుక్కుపోయామమ్మా. నీకు పుణ్యముంటుంది, వచ్చి మమ్మల్ని విడిపించు తల్లీ!"

స్టెనోగారు చీర మార్చుకుని బయటికొచ్చారు. రెండు రోజుల నీళ్లు ఒంట్లో ఉండిపోయి, నాలుగడుగులకే ఆయాసం వచ్చింది.

మరదలు ఆశ్చర్యపోయింది. "మిషన్ పాడైందన్నావుగా వదినా?"

"బాగైందిట. ఆటో పిలు."

వార్డులోకి వెళ్లేసరికి గోడవారనున్న కుర్చీల్లో బేకరీ ఆయన, టైలరు, ఇంకో ఇద్దరు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ల నాలుగు గంటలూ ఎప్పుడో అయిపోయాయి. చేతులకు పట్టీలు, మొహాల్లో నెత్తురుచుక్క లేదు. నిలబడే ఓపిక లేదు గానీ ముగింపు తెలుసుకోకుండా ఇంటికెళ్లే ఓపిక అసలే లేదు. పెళ్లి ముహూర్తం దాటించిన పెళ్లికొడుకును చూసినట్టు చూశారు ఆవిణ్ని.

ఆణిముత్యం బరువు చూసి, పెదవి విరిచి, సూదులు సిద్ధం చేశాడు. చెయ్యి చాచి ఆవిడ తల పక్కకు తిప్పుకున్నారు. కనిపించింది నాలుగో మంచం.

"బాబాయికి కూడా ఇలాగే అరగంట మిగల్చావు కదయ్యా. పాపం, కిటికీ ఎవరికి పోయిందో తెలియకుండానే పోయాడు."

ఆణిముత్యం సూది మీద టేపు అంటించాడు. "మిగల్లేదండీ."

"అంటే?"

"ఆ శనివారం లిఫ్టు దగ్గర చెప్పేశానండీ. గోడ సంగతీ, కిటికీ సంగతీ, ముసలావిడ సంగతీ, అంతా. లిఫ్టు రెండుసార్లు వచ్చి వెళ్లిపోయింది. అంతా విన్నాకే ఎక్కాడు."

"నువ్వా! నువ్వు ముగింపు చెప్పావా!" అన్నారు స్టెనోగారు. "ఏమన్నాడు?"

"ఆ పెగలని గొంతుతోనే దరిద్రంగా ఉందన్నాడండీ. అన్నదమ్ములిద్దర్నీ హిందీలో ఓ తిట్టు తిట్టాడు. బాగా నవ్వాడు."

స్టెనోగారు నాలుగో మంచం వైపు మరోసారి చూసి, ఇటు తిరిగారు.

"మరి నేను ఫోన్ చేసి అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"మీరొస్తారుగా అండీ" అన్నాడు ఆణిముత్యం, గొట్టంలో ఎర్రగా కదిలిన రక్తాన్ని చూస్తూ.

తర్వాత టీవీ పెట్టాడు. స్టేషన్ ఆవిడకు గొంతు రాలేదు. పలకమీద సుద్దముక్కతో ప్లాట్‌ఫారం నంబరు రాసి ఎత్తిపట్టుకుంది. మూటలు మోసేవాడు అది చూసి అరిచాడు. అతని అరుపు విని ఇంకొకడు అరిచాడు. ఊరూరంతా గొంతు చించుకుంది. రైలు పేరు ఒక్కడూ సరిగ్గా పలకలేదు గానీ అందరూ పట్టాల మీంచి తప్పుకున్నారు. అయిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు బేకరీ ఆయన.

"గొంతు రావాలి కదా! దీనికోసమా నేను ఆయాసపడుతూ ఆటో ఎక్కింది?" అన్నారు స్టెనోగారు.

"వస్తే సినిమా అయ్యేదమ్మా, అందుకే రానివ్వలేదు" అన్నాడు టైలరు.

నలుగురూ అరగంట పోట్లాడుకున్నారు. సిస్టర్ వచ్చి బయటికి నెట్టేదాకా కుర్చీలు కదల్లేదు. వాళ్లటు వెళ్లగానే ఆణిముత్యం, "బుధవారం కొత్తదుందండీ. ఒక్క పురుగు..." అని మొదలెట్టాడు.

"చూడలేదు, తెలుసు" అన్నారు స్టెనోగారు. ఆ రాత్రి తమ్ముడికి జరిగింది చెప్పేశారు. అతను బుధవారం ఆరింటికే తయారై గుమ్మంలో కూర్చున్నాడు.

నెల తర్వాత ఒకరోజు, మొగుడు మరిచిపోయిన కళ్లద్దాలు ఇవ్వడానికి ఆణిముత్యం భార్య వార్డుకొచ్చింది. అతను లోపల మందుల గదిలో ఉన్నాడు. స్టెనోగారు ఆవిణ్ని మంచం పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నీకు జోహార్లమ్మా. ఇంట్లో కూడా ఈ సినిమాలేనా?"

"అయ్యో, మీకు తెలీదా? ఆయనకి ఈ సినిమాలంటే అసహ్యమండీ!"

"ఏమిటీ!"

"హీరో ఒక్క తన్ను తంతే పదిమంది గాల్లో లేవాలండీ ఆయనకి. పెళ్లయిన కొత్తలో ప్రతి ఆదివారం హాలుకే. వేసిన ఈలకి ముందువరస వాళ్లు తిరిగి తిట్టేవాళ్లు. ఇప్పుడు ఆరేళ్లయింది హాలు మొహం చూసి. తెల్లారి లేచి ఎవరూ చూడని వాటి కోసం వెతుకుతారు. ముప్ఫై చూస్తేగానీ ఒకటి పనికిరాదట. మొన్న ఒకటి చూస్తూ నోట్లో బ్రష్షు పెట్టుకునే నిద్రపోయారు. మా ఇంట్లో బల్లి కూడా ఆ గది ఖాళీ చేసిందండీ."

"మరెందుకమ్మా ఈ కర్మ?"

"పేరున్న సినిమా అయితే ఇంటికెళ్లి ఎవర్నడిగినా ముగింపు చెప్పేస్తారట. ఎవరూ చూడనిదైతే ఇక్కడికే రావాలి కదా అంటారు." ఆవిడ గొంతు తగ్గించింది. "వెనక ఒకళ్లిద్దరు చెప్పకుండా రావడం మానేశారటండీ. అప్పట్నుంచీ ఇదీ ఆయన వరస. పిచ్చి మనిషి."

స్టెనోగారు మందుల గది తలుపు వైపు చూశారు. ఇంత ఘరానా దొంగసాక్షి ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆవిడకు తగల్లేదు.

మందుల గదిలోంచి రాగానే ఆణిముత్యాన్ని పిలిచారు. "ఈ ఆదివారం నువ్వూ మీ ఆవిడా సినిమాకి వెళ్తున్నారు. పెద్ద హీరోది. వెతికే పని ఇకమీద నాది. ఇంట్లో నాకు వేరే రాచకార్యాలేం లేవు."

"మీకు ఓపిక సరిపోదండీ. చాలా ఘోరంగా ఉంటాయవి" అన్నాడతను కంగారుగా. భార్య వంక చూశాడు. గుట్టు రట్టయిందని తెలిసి చెవులు ఎర్రబడ్డాయి.

సోమవారం ఆణిముత్యం మాట్లాడలేకపోయాడు. ఈలలు వేసీ, కేకలు పెట్టీ గొంతు పూర్తిగా బొంగురుపోయింది. సైగలతోనే బరువులు చూశాడు, సైగలతోనే సూదులు గుచ్చాడు. వార్డులో అంత సంతోషం ఎన్నడూ చూడలేదన్నాడు బేకరీ ఆయన.

మర్నాడు మధ్యాహ్నం స్టెనోగారు వాలుకుర్చీలో కూర్చుని, ఒళ్లో షార్ట్‌హ్యాండ్ పుస్తకం పెట్టుకుని, మేనకోడలు పెట్టిన సినిమా చూస్తున్నారు. తెరమీద ఒకాయన ఇరవై నిమిషాలుగా గొడుగు బాగుచేస్తున్నాడు. అప్పటికి పనికిరావని మూడు సినిమాలు కొట్టేశారు. ఇది నాలుగోది. మరదలు వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఎలా ఉంది వదినా?"

"ప్రాణం తీస్తున్నాడే" అన్నారు స్టెనోగారు, పెన్సిల్‌తో అడ్డంగా గీత కొడుతూ. తర్వాత మేనకోడలి వైపు తిరిగి, "ఇంకోటి పెట్టు" అన్నారు.